సెరమైడ్ కబురు

హిమజ ఏడవడం కూడా మానేసింది. ఒట్టి అలసటే మిగిలింది. పీహెచ్‌డీలో చేరి ఐదేళ్లు, అందులో రెండేళ్లు ఈ ఒక్క ప్రయోగానికే పోయాయి.

కణం పైపొరలో సెరమైడ్ అనే కొవ్వు ఉంటుంది. అది ఎక్కువైతే, ఇక చచ్చిపొమ్మని కణానికి కబురు. అదే కొవ్వు కాస్త రూపు మార్చుకుంటే, పెరగమని కబురు. లోకమంతా ఒప్పుకున్న సంగతే, హిమజ పెంచే కాన్సర్ కణాలకే చెవికెక్కదు! ఎంత సెరమైడ్ పోసినా, లెక్కపెట్టినవాటిలో నూటికి తొంభై ఐదు బతికే ఉంటాయి. మొత్తం సంఖ్య తగ్గితే, పెరుగుదల మందగించిందని రాసుకునేది పాపం.

ఆ ఉదయం పీహెచ్‌డీ మానేస్తానని ఉత్తరం రాసి తన గైడు రత్నసభాపతి గారి చేతికిచ్చింది. ఆయనకు రిటైర్‌మెంటు ఇంకా మూడు నెలలు, మోకాళ్లకు మాత్రం ఎప్పుడో వచ్చేసింది. చదివి, బల్లమీద పెట్టి, సెరమైడ్ పోసిన కణాల ఫ్లాస్కు ఒక్కటి తన ముందు లెక్కచేసి చూపించమన్నారు.

చేసింది. కణాలు ఫ్లాస్కు అడుగున అంటుకుని ఉంటాయి. పైనున్న ఎర్రటి పోషక ద్రవాన్ని బీకరులోకి వంపేసి, రెండుసార్లు కడిగి, అడుగువాటిని ఊడదీసి, చచ్చినవాటికి మాత్రమే పట్టే నీలం రంగు కలిపి లెక్కపెట్టింది. ఈసారీ అంతే, నూటికి తొంభై ఆరు బతికే ఉన్నాయి. అలవాటు ప్రకారం, పారబోసేముందు బీకరులో బ్లీచ్ పోయబోయింది.

ఆయన బీకరు మీద చెయ్యి అడ్డం పెట్టారు.

ఆ ద్రవాన్ని గొట్టంలో పోసి, యంత్రంలో తిప్పి, అడుగున చేరిన మడ్డికి రంగు కలిపి, మైక్రోస్కోపు కింద పెట్టారు. స్టూలు మీంచి మెల్లగా లేచి ఆమెను కూర్చోమన్నారు.

కంటి నిండా నీలం చుక్కలే.

"ఇవెక్కడివి సార్?"

"నీవేనమ్మా. పారబోస్తున్నావు."

పైద్రవం పారబోసి కడగమని మొదటి రోజు చెప్పింది మీరే కదా అంది హిమజ. గొంతులో కోపానికి కూడా ఓపిక లేదు.

"పెంచడానికి చెప్పాను. చావు లెక్కపెట్టేటప్పుడు వద్దని చెప్పడం మరిచాను, తప్పు నాదే." ఆయన గోడకు ఆనుకున్నారు. "కబురు విన్నవి పట్టు వదిలి వెళ్లిపోయాయి. విననివాటినే కూర్చోబెట్టుకుని, విన్నారా అని అడుగుతున్నాం మనం."

హిమజ తన ఉత్తరం తిరగేసి, వెనకవైపు నీలం చుక్కల లెక్క రాయడం మొదలుపెట్టింది.