జేగురు గోడ

అనగనగా ఎర్రని కొండ ఒకటి. ఆ కొండ పాదాన ముప్పై గడపల పల్లె. పల్లెవారు కొండలో జేగురు రాయి తవ్వేవారు, నూరేవారు, పలుచని బట్టలో జల్లించి గానుగ సున్నంలో కలిపి గోడలకు పూసేవారు. అదే వారి బ్రతుకు తెరువు. వారందరికీ పెద్ద దిక్కు నూకాలమ్మ.

ఆ దేశపు రాజు సోమకేతుడు బాటసారుల కోసం సత్రం కట్టించాడు. గోడలకు రంగు వేసే వేళకు కుబేరదత్తుడనే వర్తకుడు సభకు వచ్చాడు.

"మహాప్రభూ! సత్రానికి బంగారు వన్నె నేను తెస్తాను. బదులుగా ఆ ఎర్రకొండను నాకు దయచేయండి. పగులగొట్టి రాళ్ళు అమ్ముకుంటాను. ఉత్త మట్టికొండ, ఎవరికేమి ఉపయోగం?"

ఆ కబురు నూకాలమ్మ చెవిన పడింది. కొండ పోతే ముప్పై పొయ్యిలు ఆరిపోతాయి. పరుగున వెళ్ళి రాజుకు మొరపెట్టుకుంది.

రాజు ఆలోచించి, "ద్వారానికి కుడి గోడ నీది, ఎడమ గోడ వర్తకునిది. ఎవరి గోడ మేలైతే కొండ వారిది" అన్నాడు.

వర్తకుడు బస్తాల కొద్దీ పసుపు తెప్పించి సున్నంలో కలిపించాడు. మరుక్షణమే అది ఎర్రగా మారింది. సున్నం మోసే ఆడవారు పకపకా నవ్వారు.

"అయ్యగారూ! గోడకు పారాణి పెడుతున్నారా? పెండ్లి ఎప్పుడు?"

వర్తకుడు ఉడుక్కుని అదంతా గీకించాడు. తెల్లగా ఆరిన గోడ మీద పసుపును తుమ్మజిగురుతో పూయించాడు. గోడ బంగారంలా మెరిసింది.

నూకాలమ్మ మాత్రం జేగురును తడి సున్నంలోనే కలిపింది. పూత మీద పూత వేసి, నున్నని గులకరాయితో రుద్ది రుద్ది, రాజు వచ్చే వేళకే పని ముగించింది. తడి గోడ దానిమ్మ గింజలా నిగనిగలాడింది.

"ఆహా! దీని ముందు బంగారమెంత! ఇక కొండ..." అని రాజు చేయెత్తాడు.

మరిది సింహాద్రి ఆమె చెవిలో, "వదినా, నోరు మెదపకు. గెలిచాం" అన్నాడు.

ముప్పై ఇండ్లవారూ నూకాలమ్మనే చూస్తున్నారు. అయినా ఆమె చేతులు జోడించింది.

"మన్నించండి ప్రభూ. ఇది తడి తెచ్చిన వన్నె. ఆరితే సగమే మిగులుతుంది. ఆరిన గోడను చూసి తీర్పు చెప్పండి."

"చేతికందిన కొండను జారవిడిచావు కదా వదినా!" అని సింహాద్రి నెత్తి బాదుకున్నాడు.

వారం తరువాత రాజు మళ్ళీ వచ్చాడు. ఆమె చెప్పినట్టే గోడ వెలిసి పాత పెంకు రంగుకు వచ్చింది.

"ఇది గోడా, తోమిన కుండా?" అని వర్తకుడు ఎగతాళి చేశాడు.

"ఏమంటావు నూకాలమ్మా?" అని రాజు జాలిగా అడిగాడు.

"సత్రం ఒక్క నాటికి కట్టినది కాదు ప్రభూ. ఒక్క వేసవి, ఒక్క వాన గడువివ్వండి."

"గడువు అడిగేది ఓడినవారే!" అన్నాడు వర్తకుడు.

రాజు తల అడ్డంగా ఊపాడు. "గెలిచిన నాడు తన గోడ లోపం తానే చెప్పిన మనిషి ఈమె. ఈమె అడిగితే కాదనలేను."

వేసవి వచ్చింది. ఎడమ గోడ బంగారం ఎండకు వెలవెలబోయింది. తొలి వాన కురిసింది. మిగిలిన పసుపు కరిగి మడుగు కట్టింది. సత్రం కుక్క పసుపు కాళ్ళతో ఊరంతా తిరిగి వచ్చింది.

వానలోనే రాజు వచ్చాడు. తన తెల్లని ఉత్తరీయంతో కుడి గోడను గట్టిగా తుడిచాడు. బట్టకు చుక్క రంగు అంటలేదు. వానకు తడిసిన గోడ తొలినాటి దానిమ్మ వన్నెతో మళ్ళీ నిగనిగలాడుతోంది.

రాజు చిరునవ్వు నవ్వి, "నూకాలమ్మా, ఈ వన్నె కూడా తడిదేనా?" అన్నాడు.

"అవును ప్రభూ. ఆరితే మళ్ళీ సగమే."

అందరికంటే ముందు సింహాద్రే గట్టిగా నవ్వాడు. ఎర్రకొండ ఆనాటి నుండి ఆ పల్లె సొత్తయింది.

గెలుపు చేతికందిన వేళ కూడా తన లోపాన్ని దాచనివారి మాటకు, ఎండా వానా సాక్ష్యం పలుకుతాయి.