సుంకమ్మ చెలమ

ముందు చెప్పు, పొద్దున కుళాయి కింద బిందె పెట్టి ఆటకి పోయావే, తిరిగొచ్చి ఏం చూశావు? ఏం లేదు అనకు. నీళ్ళు వీధి దాకా పారాయి. నువ్వూ చూశావు, నేనూ చూశాను. సరే, తిట్టను. పక్కకి జరుగు, కథ చెప్తాను.

అనగనగా ఒక ఊరు. మన కథ ఆ ఊళ్ళోది కాదు. ఊరు దాటి, రెండు గుట్టలు దాటి, కరెంటు స్తంభం కూడా రానంటే రానని ఆగిపోయిన చోట ఒక కొట్టం ఉంది. ఆ కొట్టంలో సుంకమ్మ, ఆమె కూతురు నాగి ఉండేవాళ్ళు. నాగికి నీ వయసే.

సుంకమ్మ మొగుడు బీరప్ప గొర్రెల కాపరి. శివరాత్రి వెళ్ళగానే అరవై గొర్రెల్ని తోలుకుని, తూర్పున కాలువల కిందికి మేతకి పోయాడు. "రోహిణి ఎండలు ముదిరేలోపు వస్తా" అన్నాడు. రోహిణి వచ్చింది. ఆయన రాలేదు. ఫోన్లు లేని రోజులు. మనిషి ఎక్కడున్నాడో గాలిని అడగాలి.

ఆ ఎండలు నీకేం తెలుసు? కోళ్ళు ముక్కులు తెరుచుకుని కొట్టం నీడనే కూలబడేవి. తల్లీకూతుళ్ళు చీకటుండగానే లేచి వాగులోకి పోయేవాళ్ళు. వాగంటే అప్పుడు ఉత్త ఇసక. ఆ ఇసకలో నడుములోతు గుంత తీస్తే అడుగున నీళ్ళు ఊరతాయి. దాన్నే చెలమ అంటాం. ముంతతో తోడి, పలచటి గుడ్డలో వడగట్టి, కుండ నింపుకునేవాళ్ళు. ఆ తర్వాత రాగి సంగటి కెలికి, తిని, పొద్దెక్కాక గోనెపట్ట తడిపి కుండకి చుట్టి నీడన కూర్చునేవాళ్ళు. కూర్చుని తూర్పు దిక్కు చూసేవాళ్ళు. అదే వాళ్ళ పని.

"నాయన ఇప్పుడు ఏం తింటుంటాడమ్మా?" అనేది నాగి.

"దుమ్ము" అనేది సుంకమ్మ. అని, మొహం పక్కకి తిప్పుకునేది.

మంద వచ్చే దారిలో రెండు రోజుల నడకలో ఎక్కడా నీళ్ళు లేవు. మొదట దొరికేది ఈ చెలమే. కానీ దాహంతో వచ్చిన గొర్రెలు తిన్నగా చెలమ మీద పడితే ఇసక కూలిపోతుంది. అప్పుడు ఎవరికీ గుక్కెడు దొరకదు. అందుకే దూరాన దుమ్ము కనిపించగానే నీళ్ళు తోడి రాతి తొట్టిలో పోసి పెట్టాలి.

ఒకరోజు తూర్పున దుమ్ము లేచింది. సుంకమ్మ పరుగెత్తి, చేతులు పడిపోయేదాకా తోడి తొట్టి నింపింది. తీరా చూస్తే అది సుడిగాలి. పిచ్చుకలు తాగినంత తాగాయి. మిగతాది ఎండ తాగింది.

ఆ తర్వాత వారానికి మళ్ళీ దుమ్ము లేచింది. చెలమలో ఊట సన్నగిల్లింది. ముంత నిండటానికి పాట పాడినంత సేపు పడుతోంది. అప్పుడు సుంకమ్మ చేయరాని పని చేసింది. గడ్డపార తెచ్చింది.

చెలమని చేత్తోనే తవ్వాలి. ఇసక కింద బంకమట్టి పొర ఉంటుంది, దాని మీదే నీళ్ళు నిలుస్తాయి. ఈ సంగతి సుంకమ్మకి పుట్టినప్పటి నుంచీ తెలుసు. కానీ బెంగ తెలివిని తినేస్తుంది, తల్లీ. ఒక్క పోటు వేసింది. పొర చిల్లు పడింది. నీళ్ళు గుడగుడమని కిందికి దిగిపోయాయి.

ఆ దుమ్ములోంచి వచ్చింది ఆమె తమ్ముడు ఈరన్న. తూర్పు సంతకి పోయి ఎడ్లబండి మీద తిరిగొస్తున్నాడు. గుంతలోకి తొంగి చూశాడు.

"బలే పని చేసినావక్కా. ఇంక ఇసక తాగుతారా? ఊరికి రాండి. కరెంటుంది, కుళాయుంది."

"మీ బావ ఈ దారినే వస్తాడు."

"వస్తే ఊళ్ళోకి రాలేడా? ఆయనకి కాళ్ళు లేవా?"

"ఆయనకుండాయి. గొర్రెలకి ఓపికుండద్దా? కుళాయి కాడ అరవై గొర్రెల్ని రానిస్తారా మీ ఊరోళ్ళు?"

ఈరన్న బండిలో ఉన్న నీళ్ళ కుండ దించి వాళ్ళకి ఇచ్చాడు. "శుక్రవారం బండి తెస్తా. మాట్లాడకుండా ఎక్కాల" అన్నాడు. సుంకమ్మ సరేనంది. ఏం చేస్తుంది, పక్కన పిల్ల ఉంది కదా.

అప్పుడు తల్లీకూతుళ్ళు వాగు మలుపులో కొత్త చెలమ మొదలుపెట్టారు. చేతులతోనే. గోళ్ళు చిట్లాయి. మూడో రోజుకి ఇసక తడిసింది, ఆ తర్వాత నీళ్ళు ఊరాయి. శుక్రవారానికి రెండు కుండలు నిండాయి. వాళ్ళు తాగడానికి ఉన్నవి అవే.

బండి వచ్చింది. నాగి కోళ్ళ గంప ఎక్కించింది. సుంకమ్మ బండి చక్రం మీద కాలు పెట్టింది. అప్పుడు తూర్పున దుమ్ము లేచింది.

"గాలక్కా అది. రెండుసార్లు మోసపోయినావు, సాలదా?" అన్నాడు ఈరన్న.

సుంకమ్మ కాలు దించింది. ఒక కుండ తెచ్చి తొట్టిలో వంచింది. రెండోది కూడా వంచింది.

"అవి తాగే నీళ్ళు కదక్కా."

"నాకు తెలీదా?" అని చెలమలోకి దిగింది. ఈరన్న ఎద్దుల్ని విప్పి, ఆమె అందించే ముంతలు తొట్టికి మోశాడు.

ఈసారి అది మందే.

కాపరులకి ఒక కట్టుబాటు ఉంది. ఆఖరి గొర్రె తాగేదాకా కాపరి తాగడు. ఎవరితోనూ మాట్లాడడు, మందను వదలడు. బీరప్ప కర్ర అడ్డం పెట్టి పదేసి గొర్రెల్ని వదులుతున్నాడు. సుంకమ్మ తోడుతోంది. నాలుగు నెలలు ఎదురుచూసిన మనిషి పదడుగుల దూరంలో ఉన్నాడు. గుంతలోంచి తలెత్తితే గొర్రెల కాళ్ళ మధ్య ఆయన చెప్పులే కనిపించాయి. అరిగిపోయి, తాడుతో కట్టుకున్న చెప్పులు. వాటిని చూస్తూ, తను గుక్కెడైనా తాగకుండా పొద్దు వాలేదాకా తోడింది.

ఆఖరి గొర్రె తొట్టిలోంచి తలెత్తింది. అప్పుడు బీరప్ప వచ్చి చెలమ అంచున కూర్చున్నాడు. సుంకమ్మ ఇసక చేతులతో ముంత అందించింది. గటగటా తాగాడు. మూతి తుడుచుకుని, ఎండిపోయిన ఆమె పెదాలు చూసి ఒక్క మాట అడిగాడు. ఆ మాటకి ఆమె గుంతలోనే కూలబడి, ముందు ఏడ్చి, తర్వాత నవ్వింది.

కథ పోయె కంచికి,
మంద పోయె దొడ్డికి,
నిద్ర వచ్చె కంటికి,
మనం వచ్చాం ఇంటికి.

కళ్ళు మూసే ముందు చెప్పు, నాలుగు నెలల తర్వాత ఆయన అడిగిన ఆ మొదటి మాట ఏమై ఉంటుంది?