తోసుకెళ్లిన స్కూటరు

అనగనగా స్కూటర్లున్న రాజ్యం ఒకటుండేది. అక్కడ బండి కొనడం తేలిక, దాని కాగితాలను పోషించడమే కష్టం. మజ్జిగమ్మే కొండాలమ్మకు స్కూటరే జీవనాధారం. బీమా గడువు నిన్నటితో తీరిపోయిందని, కొత్తది కట్టడానికి బండిని తోసుకుంటూ బయలుదేరింది.

తనిఖీ అధికారి పరశురామయ్య అడ్డొచ్చాడు. "బీమా లేని బండా? జప్తు! ఠాణాకు పద!"

"నేను ఎక్కలేదు కదయ్యా, తోస్తున్నాను."

"నాకే చట్టం చెప్తావా? బీమా లేని బండి ఎక్కినవాడు రాజుగారి బావమరిదైనా సరే, జరిమానా కట్టాల్సిందే!"

"అలాగేనయ్యా. ఠాణా దాకా దారంతా ఎత్తు. తోయలేను, ఎక్కకూడదు. మరెలా?"

"తాళం ఇటివ్వు!" అని ఆయన బుర్రుమంటూ వెళ్లిపోయాడు. తలమీద హెల్మెట్టూ లేదు. పిల్లలూ, అది రెండో తప్పు.

కొండాలమ్మ నడిచి చేరేసరికి ఠాణా అరుగుమీద న్యాయాధికారి అడుగుతున్నాడు. "బీమా లేని బండిని తోలిందెవరు?"

"నేను తోశానండీ, ఎక్కింది ఈ అయ్యగారు. బావమరిదైనా కట్టాలని సెలవిచ్చిందీ వీరే."

న్యాయాధికారి రెండు జరిమానాలూ రాసి, బండి ఎక్కకుండా దాన్ని బీమా కచేరీకి చేర్చమని పరశురామయ్యకే పురమాయించాడు.

ఆయన చెమటలు కక్కుతూ తోస్తుంటే కొండాలమ్మ వెనకే నడిచింది. "మెల్లగా అయ్యగారూ, గతుకులున్నాయి. అసలే బీమా లేని బండి!"