చిలక మూత సున్నపుకాయ

తెలివి సంతలో అమ్ముడుపోయే సరుకైతే గుమ్మడిలంకలో గవరయ్య ఇంటివాళ్ళు ఈపాటికి మేడ మీద మేడ కట్టేసేవారు. ఈ మాట నాది కాదు, వాళ్ళదే. అడిగినా చెప్పేవారు, అడక్కపోయినా చెప్పేవారు.

"తెలివంటే ఏముందండీ? చెప్పింది చెప్పినట్టు చెయ్యడమే. జనం ఒకటి వింటారు, ఇంకోటి చేస్తారు. అక్కడే చెడిపోతున్నారు" అనేవాడు గవరయ్య మీసం దువ్వుకుంటూ.

ఆ ఇంట్లో నలుగురు. గవరయ్య, అతని పెళ్ళాం నూకాలు, తమ్ముడు పైడికొండ, వీళ్ళందరికీ పెద్ద దిక్కు మామ్మ చెల్లాయమ్మ. నలుగురికీ కలిపి ఒకటే బుర్ర అని ఊరి మాట. దాన్ని కూడా వంతులేసుకుని వాడుకుంటారని గిట్టనివాళ్ళ మాట. ఆ మధ్య పైడికొండకి జ్వరమొస్తే వైద్యం చేసే ఆచారిగారు మందిచ్చి, "తగ్గేదాకా మంచం దిగకు" అన్నాడు. ఇంకేముంది, అసలే కలుపుతీత రోజులు. ముగ్గురూ మంచాన్ని మనిషితో సహా ఎత్తుకెళ్ళి వరిచేలో దింపారు. పైడికొండ బోర్లా పడుకుని చెయ్యందినంత మేర కలుపు పీకాడు. అందనప్పుడల్లా వీళ్ళు మంచం జరిపారు. మంచం కోళ్ళ కింద పడి సగం చేను నాశనమైంది.

"చేను పోతే పోయింది, వైద్యుడి మాట నిలబడింది" అంది మామ్మ సంతోషంగా.

అంత తెలివిగల మామ్మకీ ఒక దిగులుంది. పెళ్ళయిన కొత్తలో తాత ఆమెకి వెండి సున్నపుకాయ కొనిచ్చాడు. గుప్పెట్లో ఇమిడేంత. మూత మీద చిలక, చిలక కంటికి ఎర్ర రాయి. అందులోంచి సున్నం తీసి ఆకుకి రాసుకుంటే ఆ రుచే వేరట. ఒకసారి దివాణంలో పేరంటానికి వెళ్తే దొరసానిగారు ముచ్చటపడి, "ఏదీ, ఇలా ఇవ్వు, చూసిస్తాను" అని పుచ్చుకుంది. మామ్మ ఇచ్చి ఇంటికొచ్చేసింది. చూసిస్తానంది కదా, ఇంకా చూడ్డం అవలేదేమో, తొందరపెడితే ఏం బాగుంటుందని ఎన్నడూ అడగలేదు. తాత పోయాడు. దొరసాని పోయింది. దివాణం గోడల్లో జిల్లేళ్ళు మొలిచాయి. మామ్మ మాత్రం రేకు డబ్బీలో సున్నం పెట్టుకుని, ఆకు వేసుకున్నప్పుడల్లా నిట్టూర్చేది.

"పోయేలోగా ఒక్కసారి దాంతో ఆకేసుకుంటే చాల్రా గవరా. మీ తాత పక్కన కూసున్నట్టుంటాది" అనేది. ఆ మాటకి ఇంటిల్లిపాదీ కళ్ళు తుడుచుకునేవారు. తెలివి సంగతి నాకు తెలీదుగానీ ప్రేమకి మాత్రం ఆ ఇంట్లో లోటు లేదు.

ఇలా ఉండగా దివాణంలో పాత సామానంతా వేలం వేస్తారని టముకు వేశారు. నగలు, నగిషీ కుర్చీలు, ఇత్తడి దీపాలు, పటాలు, అద్దాలు, ఇంకా రాజులు పోయాక మిగిలిన చిల్లరా మల్లరా అంతా. గవరయ్య కొబ్బరికాయలు అమ్మిన డబ్బు మొలలో దోపుకుని, సలహా కోసం బసివిశెట్టి కొట్టుకి పరిగెత్తాడు. వేలాలకి తిరిగి తిరిగి ఆరితేరినవాడు బసివిశెట్టి.

"చూడు గవరయ్యా, పాత సరుక్కే గిరాకీ. కొత్తగా కనబడిందో, ఎవడూ దాని మొహం చూడడు. వస్తువు మీద నీకు ఆశ ఉన్నట్టు నీ మొహంలో మాత్రం కనబడనీకు, కనబడితే ధర కొండెక్కిస్తారు. ఇక అక్కడ ఎవడేమన్నా నువ్వు దాని మీద ఒకటి ఎక్కువ చెప్పు. తగ్గావో, పోయిందే" అన్నాడు శెట్టి పప్పు తూస్తూ.

అంతే. మర్నాడు పొద్దున్నే నలుగురూ మొహాల మీద తువ్వాళ్ళు కప్పుకుని బయల్దేరారు. ఆశ కనబడకూడదు కదా. దారి కూడా కనబడలేదనుకోండి, అది వేరే విషయం. ఒక కాలవలో, రెండు పేడకుప్పల్లో దిగి మొత్తానికి దివాణం చేరారు.

గేటు దగ్గర టీ కొట్టువాడు, "టీ పది రూపాయలు" అన్నాడు.

"పదకొండు!" అన్నాడు గవరయ్య.

"పన్నెండు!" అన్నాడు పైడికొండ.

"పదమూడు!" అంది నూకాలు, మరిదికి లొంగడమేమిటని.

టీ కొట్టువాడు ఆనందం పట్టలేక, "మీ ఇంట్లో ఇంకా ఎవరూ లేరా అమ్మా?" అని అడిగాడు.

లోపల పెద్ద హాలు నిండా సామాను. చుట్టూ పట్నం నుంచి కార్లలో దిగిన కొనుగోలుదార్లు. వాళ్ళలో ఒక కోటుబాబు ఉన్నాడు. పాత వస్తువు కనబడితే అన్నం కూడా మర్చిపోయే రకం. అద్దాల బీరువాలో సున్నపుకాయ తళతళలాడుతోంది. తువ్వాలు సందులోంచి చూసి మామ్మ పొంగిపోయింది. "ఒరే, అదేరా! నా చిలకేరా!" అని అరవబోయింది. గవరయ్య గబుక్కున ఆపి, పక్కనే ఉన్న సింహాల చేతుల కుర్చీలో కూర్చోబెట్టాడు.

"మామ్మా, నువ్వు అరిస్తే కొంప మునుగుద్ది. ఇక్కడే కూకో. నేను వచ్చి లెమ్మనేదాకా లేవకు, మెదలకు, నోరిప్పకు."

"నాకు చెప్పాలా? నేనేవన్నా తెలివితక్కువదాన్నా?" అంది మామ్మ. ముసుగు సర్దుకుని, బుగ్గన ఆకు పెట్టుకుని, కొయ్యబారి కూర్చుంది.

ఈలోగా నూకాలుకి శెట్టి మాట గుర్తొచ్చింది. కొత్తగా కనబడితే ఎవడూ చూడడన్నాడు. మరి సున్నపుకాయని కొత్తగా చేసేస్తే సరి! కానీ బీరువాకి తాళం. పోనీ, చుట్టూ ఉన్నవన్నీ కొత్తగా మెరిస్తే వాటి మధ్య అదీ కొత్తదనే అనుకుంటారు. ఇంకేముంది, పక్క వంటశాలలోంచి చింతపండు, బూడిద, కొబ్బరి పీచు తెచ్చి, చీర దోపి, ఇత్తడి దీపాలు, పాత గంటలు, నల్లబడిన గిన్నెలు చేతికందినవన్నీ వరసబెట్టి తోమేసింది. తాతలనాటి నలుపంతా నేలపాలైంది. పనిలో పనిగా ఒక పాత పటంలో రాణీగారి మొహం కూడా మసిగా ఉందని తోమింది. మసితోపాటు రాణీగారి మొహమూ పీచుకి వచ్చేసింది.

వేలం వేసే గుమాస్తా నరహరి వచ్చి చూసి గుండె పట్టుకున్నాడు.

"ఎవరే నువ్వు? ఏం చేశావే?"

"కొత్తవి చేశానండీ బాబూ. కూలేం వద్దులెండి" అంది నూకాలు.

నరహరికి ఏడవాలో నవ్వాలో తెలీలేదు. ముగ్గుర్నీ బెంచీ మీద కూలేసి, "చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చోండి! నేను చెప్పేదాకా ఒక్క చెయ్యి పైకి లేచిందో, మెడ పట్టి గెంటిస్తాను!" అని గర్జించి, చెక్క సుత్తి అందుకున్నాడు.

వేలం మొదలైంది. తోమిన దీపాలు చూసి పట్నంవాళ్ళు మూతి విరిచారు. బజార్లో దొరికేవేగా అని ఒక్కడూ చెయ్యెత్తలేదు. నరహరి పళ్ళు కొరుక్కున్నాడు. ఆఖరికి సున్నపుకాయ బల్ల మీదికి వచ్చింది. కోటుబాబు చెయ్యెత్తాడు.

"మావా, ఎత్తు!" అంది నూకాలు.

"ఎలా ఎత్తనే? చేతులు కదపొద్దన్నారు కదా."

"అన్నియ్యా, కాళ్ళ గురించి ఏమీ అనలేదుగా!" అన్నాడు పైడికొండ.

తమ్ముడి తెలివికి గవరయ్య మురిసిపోయాడు. అంతే, కాలెత్తాడు. కోటుబాబు ఇంకోసారి చెయ్యెత్తాడు. గవరయ్య రెండో కాలు కూడా ఎత్తాడు. నరహరి గుడ్లు తేలేశాడు. "కాలైనా కీలైనా నాకు ధరే ముఖ్యం" అని సుత్తి ఆడించాడు. కాసేపటికి కోటుబాబు నిట్టూర్చి తగ్గిపోయాడు. కానీ ఎవడేమన్నా దాని మీద ఒకటి ఎక్కువ చెప్పాలి కదా! అన్న చెప్పినదాని మీద తమ్ముడు కాలెత్తాడు. తమ్ముడి మీద వదిన ఎత్తింది. పెళ్ళాం మీద మొగుడెత్తాడు. ముసుగులేసుకున్న ముగ్గురు బెంచీ మీద వెల్లకిలా పడి ఆరు కాళ్ళూ గాలిలో ఆడిస్తుంటే హాలంతా లేచి నిలబడి చూసింది. కొబ్బరికాయల డబ్బు ఆఖరి రూపాయి దాకా అయ్యాకగానీ కాళ్ళు కిందికి దిగలేదు.

"మూడోసారి!" అని సుత్తి కొట్టాడు నరహరి. సున్నపుకాయ గవరయ్య ఒళ్ళో పడింది. ముగ్గురూ ముసుగుల్లోనే ఆనందంగా ఏడ్చారు.

ఆ వెంటనే నరహరి గొంతు మళ్ళీ మోగింది. "సింహాల కుర్చీ! పైన ముసుగు బొమ్మతో సహా!"

దివాణంలో ఏముందో, ఏం లేదో నరహరికే తెలీదు. కోటుబాబు కుర్చీ చుట్టూ తిరిగాడు. మామ్మ చేతి మీద నరం నొక్కి చూశాడు. పాదాల మీద పగుళ్ళు తడిమి చూశాడు. మామ్మ మెదల్లేదు. మనవడి మాటంటే మాటే.

"ఆహా, ఏం పనితనం! మైనమా ఇది?" అన్నాడు.

"మైనమే! పెద్ద రాజావారు ఓడలో తెప్పించారు" అని నరహరి నోటికొచ్చిన కోతలు కోశాడు.

కోటుబాబు ధర చెప్పాడు. ఎదురు లేదు. సుత్తి పడింది. అప్పుడు తువ్వాలు తీసి చూశాడు గవరయ్య. ఇద్దరు మనుషులు మామ్మని కుర్చీతో సహా ఎత్తి కారు దగ్గరికి మోసుకుపోతున్నారు!

"అయ్యా, అయ్యా! అది మా మామ్మండీ!" అని అడ్డం పడ్డాడు.

"సుత్తి పడ్డాక పాడినవాడి సొత్తే. మాటంటే మాటే" అన్నాడు నరహరి.

గవరయ్య నీరుగారిపోయాడు. మాటంటే మాటే అన్నాక ఇక ఆ ఇంటివాడు ఏం మాట్లాడతాడు?

"మామ్మని దిగి వచ్చెయ్యమని చెప్పు మావా" అని నూకాలు చెవిలో గొణిగింది.

"తప్పే! ఇప్పుడు మామ్మ వారి సొత్తు. పరాయివాళ్ళ సామానుకి మనం చెప్పకూడదు."

కోటుబాబు కన్ను సున్నపుకాయ మీదే ఉంది. "అంత మోజైతే ఆ సున్నపుకాయ నాకిచ్చి, బొమ్మనీ కుర్చీనీ పట్టుకుపో" అన్నాడు. ఇంకేముంది, గవరయ్య రెండో ఆలోచన లేకుండా ఇచ్చేశాడు. ఇవ్వడానికి క్షణం పట్టలేదు గానీ, ఇచ్చాక వెక్కి వెక్కి ఏడ్చాడు. మామ్మ ముందా, చిలక ముందా అంటే వాడికి మామ్మే ముందు. అక్కడితో ఆగి ఉంటే వాళ్ళని తెలివితక్కువ వాళ్ళని అనడానికి నాకు నోరు వచ్చేది కాదు.

కుర్చీని భుజాలకెత్తుకుని ఇంటికి చేరారు. మామ్మని ఎవరూ లెమ్మనలేదు, ఆమె లేవలేదు. అరుగు మీద దింపాక గవరయ్య ముసుగు తీసి, "ఇక మాట్లాడొచ్చు మామ్మా" అన్నాడు.

"ఏదిరా నా సున్నపుకాయ?"

"అదిచ్చే నిన్ను తెచ్చుకున్నాం మామ్మా."

మామ్మ మొహం ముడుచుకుపోయింది. కాసేపు ఆకు నములుతూ ఆలోచించింది. ఆ తరవాత కళ్ళు మెరిశాయి.

"వెర్రి నాగన్నల్లారా, ఇందులో ఏడవడానికేవుంది? దాన్నిచ్చి నన్ను తెచ్చుకున్నారు. అయితే నన్నిచ్చి దాన్ని తెచ్చుకోండి. సరిపోద్ది!"

ముగ్గురూ నోళ్ళు తెరిచారు. ఇంత తేలిక దారి తమకి తట్టనందుకు సిగ్గుపడ్డారు. "అందుకే పెద్దలు ఇంట్లో ఉండాలంటారు" అన్నాడు పైడికొండ. అంతే, మామ్మకి మళ్ళీ ముసుగేసి, లేవొద్దని, నోరిప్పొద్దని మళ్ళీ చెప్పి, కుర్చీ ఎత్తుకుని దివాణానికి పరుగో పరుగు. కోటుబాబు సరిగ్గా కారెక్కబోతున్నాడు. కుర్చీ చేజారినందుకు అప్పటికే చెయ్యి కొరుక్కుంటున్న మనిషి, బేరం వినగానే సున్నపుకాయ గవరయ్య చేతిలో కుక్కి, కుర్చీని బొమ్మతో సహా కారు మీద కట్టించి మాయమైపోయాడు. ముసుగులో మామ్మ తన చిలక తనకి దక్కిందని ముసిముసిగా నవ్వుకుంది.

ఇంటికొచ్చి ముగ్గురూ సంబరపడిపోయారు. నూకాలు సున్నపుకాయ తుడిచి కొత్త సున్నం నింపింది. పైడికొండ లేత ఆకులు కోసుకొచ్చాడు. గవరయ్య వాటిని పళ్ళెంలో పెట్టుకుని, "మామ్మా! ఇదిగో నీ చిలక! రా, ఆకేసుకో!" అని కేకేశాడు.

పలుకు లేదు. వంటింట్లో చూశారు. పెరట్లో చూశారు. మంచం కింద చూశారు.

"ఇంత కష్టపడి తెస్తే ఈ ముసల్ది సమయానికి ఎక్కడికి పోయింది మావా? నాకు భయంగా ఉంది. తప్పిపోయిందేమో" అంది నూకాలు కళ్ళనీళ్ళతో.

గవరయ్య మీసం దువ్వుకుని ధైర్యంగా నవ్వాడు.

"పిచ్చిదానా, మామ్మ ఎలా తప్పిపోద్ది? నేను వచ్చి లెమ్మనేదాకా కుర్చీలోంచి లేవొద్దని గట్టిగా చెప్పాను కదా!"

అది విని అందరి మనసులూ కుదుటపడ్డాయి. మామ్మకీ ఒక విస్తరి వేసి, దాంట్లో సున్నపుకాయ పెట్టి, నిశ్చింతగా అన్నాలకి కూర్చున్నారు.