ఎర్ర చుక్క మీద ఏరు

పినాకపాణికి మూడు రోజులుగా ముద్ద దిగడం లేదు. ఎర్ర గ్రహం మీదికి పంపబోయే యంత్రానికి నేలను తవ్వే చెయ్యి తయారుచేసినవాడు అతనే. పదకొండేళ్ళ పని. ఇంత కరువులో ప్రజల డబ్బు దానికి పొయ్యవచ్చా అని తేల్చడానికి ఒక కమిటీ కూర్చుంది. రేపు ఉదయం అతను దాని ముందు నిలబడి జవాబు చెప్పాలి. తనే వద్దంటే పదకొండేళ్ళూ బూడిదలో పోసినట్టే. ఇవ్వండి అనడానికేమో నోరు రావడం లేదు.

ఏ దిగులొచ్చినా అతను పరుగెత్తేది నెల్లూరు అవతలున్న ఒక చిన్న దర్గాకి. అక్కడి ఖాదర్ షా అతనికి చదువుకునే రోజుల నుంచీ గురువు. ఆ ఏడు వానల్లేక దర్గాలో రోజూ మధ్యాహ్నం అంబలి పోస్తున్నారు. ఈసారి అతను ఆ వేళకే వచ్చాడు.

"ఆ డబ్బు అడగడం తప్పా, బాబా?" అన్నాడు పినాకపాణి, కూర్చోకుండానే.

ఖాదర్ షా అతని మొహం చూశాడు. గరిటె చేతికిచ్చి అంబలి కుండ దగ్గర నిలబెట్టాడు. వరస ప్రహరీ గోడ దాకా ఉంది.

చెంచమ్మ అనే ముసలావిడ మొదట గిన్నె చాపింది. "కొత్తోడివా నాయనా? ఏం పని చేస్తావు?"

మాట దాటేద్దామనుకున్నాడు గానీ, గురువు పక్కనే ఉన్నాడు.

"ఎర్ర చుక్క మీదికి యంత్రాన్ని పంపే పని, అవ్వా." తిట్లకు సిద్ధపడ్డాడు.

"ఆడ ఏముండాది?"

"ఒకప్పుడు ఏర్లు పారాయి. ఇప్పుడన్నీ ఎండిపోయాయి."

చెంచమ్మ గిన్నె దించేసింది. "మా ఏరూ అంతే గదా. దానికేమైంది?"

పినాకపాణికి ప్రాణం లేచొచ్చింది. అక్కడి గాలి పలచబడిన సంగతీ, నీళ్ళు ఎటు పోయిందీ, మట్టి కింద ఏం మిగిలిందో తవ్వితే గానీ తెలియదనీ చేతులు తిప్పుతూ చెప్పుకుపోయాడు. వెనకవాళ్ళూ మెడలు చాచారు. గరిటె గాల్లోనే ఉండిపోయింది.

వరస చివర ఒక నిండు చూలాలు గోడ పట్టుకుని కూలబడింది. ఆమె గిన్నె రాళ్ళ మీద దొర్లింది.

పినాకపాణి అంబలి తీసుకుని పరుగెత్తాడు. ఆమె రెండు గుక్కలు తాగి కళ్ళు తెరిచేదాకా పక్కనే కూర్చున్నాడు. తిరిగొచ్చి, వంచిన తల ఎత్తకుండా పొయ్యసాగాడు. సిగ్గుతో చెవులు మండుతున్నాయి. జవాబు దొరికిపోయిందనుకున్నాడు. రేపు వద్దనే చెబుతాడు.

గిన్నె నిండినా చెంచమ్మ కదల్లేదు. "చెప్పవేం నాయనా? ఆ ఏరు ఏమైంది?"

"ఇంక చాలవ్వా. ఆకలితో ఉన్నవాళ్ళకి ఆ కథలెందుకు?"

"ఆకలైతే ఇనకూడదా?" అందావిడ నొచ్చుకుని.

పినాకపాణి దిక్కుతోచక గురువు వైపు చూశాడు. వరస మళ్ళీ ఆగింది.

"చెయ్యి ఆపకుండా చెప్పు, బేటా," అన్నాడు ఖాదర్ షా.