గురువుగారి నెత్తిన మంచు

రిగ్జిన్ ఎదురొస్తే ఊళ్ళోవాళ్ళు పక్క సందులోకి తప్పుకునేవాళ్ళు. కుర్రాడు చెడ్డవాడేం కాదు. హిమాలయాల్లో, స్పితి కొండల్లో ఒక చిన్న బౌద్ధమఠంలో భిక్షువు. కాకపోతే అతని నోట మంచిమాట రాదు, అదీ జనం బాధ.

మఠంలో చేరకముందు పట్నంలో భూపటాలు గీసే చదువు చదివాడు. ఏటా వేసవి చివర ఉపగ్రహం తీసిన ఫొటోలు కంప్యూటర్లో చూసి, కొండమీద గడ్డకట్టి ఉండి ఊరికి నీళ్ళిచ్చే మంచునది కొస ఎక్కడుందో గీత గీసేవాడు. ఏటికేడు ఆ గీత కొండపైకి జరుగుతూనే ఉంది. "ఈసారీ తరిగింది" అని అతను చెప్పడం, జనం ముఖాలు మాడ్చుకోవడం. వీధిలో తుమ్మినట్టయిపోయింది పాపం, అతని రాక.

అలాంటిది ఆ ఏడు గీత కిందికి దిగింది!

రిగ్జిన్ ఆగలేకపోయాడు. ఆ సాయంత్రమే ఊళ్ళోకి పరుగెత్తి ఊరిపెద్ద నోర్బుకు చెప్పేశాడు. నోర్బు అతన్ని కావలించుకున్నాడు. నోర్బు భార్య కూర్చోబెట్టి వెన్న టీ పోసిచ్చింది. ఎన్నాళ్ళకో ఒక ఇంట్లో తనను కూర్చోమన్నారని రిగ్జిన్‌కు కళ్ళు చెమర్చాయి.

ఊళ్ళో అప్పటికే ఒక తగువు నలుగుతోంది. నేల గడ్డకట్టేలోపు ఒక్క పనికే వ్యవధి ఉంది. తెగిపోయిన పాత నీటిగుంట గట్టు వేసుకోవడమా, బీడు దున్ని కొత్తగా బఠాణీ చేలు చేసుకోవడమా? మంచునదే పెరుగుతుంటే ఇంక గుంటెందుకు? పొద్దున్నే మఠానికి వచ్చి దీవెన తీసుకుని, నేరుగా బీడు మీదికి నాగళ్ళు తోలాలని తేల్చేసుకున్నారు.

తెల్లారేసరికి మఠం ముంగిట పలచగా మంచు కురిసి ఉంది. రిగ్జిన్ గురువు యేషే లామా ఎండలో అరుగుమీద కూర్చున్నాడు. రిగ్జిన్ ల్యాప్‌టాప్ తెచ్చి ఆయన ముందు పెట్టాడు.

గురువు కళ్ళద్దాలు సర్దుకుని చూశాడు. "బాగుంది. ఎప్పటిదిరా ఈ ఫొటో?"

"ఏటా తీసుకునే రోజుల్లో మబ్బులు పట్టేశాయండి, ఏమీ కనబడలేదు. అందుకని మబ్బులు పోయాక తీసింది పెట్టుకున్నాను. అద్దంలా ఉంది చూడండి!"

"ఊఁ" అన్నాడు గురువు. పక్కకు వంగి, పిట్టగోడ మీది మంచు రెండు దోసిళ్ళు తీసి తన నున్నటి గుండు మీద పెట్టుకుని మెత్తాడు.

"చూసి చెప్పరా. జుట్టు మొలిచిందా?"

రిగ్జిన్ ఫక్కున నవ్వాడు. "భలేవారే! ఒత్తుగా మొలిచింది గురువుగారూ. కాకపోతే తెల్లజుట్టు."

గురువు నవ్వలేదు. అలాగే కూర్చున్నాడు. ఎండ ఎక్కేకొద్దీ నీళ్ళు చెవుల మీదుగా, మెడ మీదుగా కారాయి. అంగీ తడిసింది. ముసలి ఒళ్ళు చలికి వణుకుతోంది.

"అయ్యో, జలుబు చేస్తుందండీ" అంటూ రిగ్జిన్ శాలువా తీశాడు. గురువు చెయ్యి అడ్డం పెట్టాడు. కాసేపటికి గుండు మళ్ళీ గుండులా మిగిలింది.

రిగ్జిన్ శాలువా పట్టుకుని నిలబడిపోయాడు. ఫొటో వంక చూశాడు. ఆ మబ్బులు ఊరికే పోయాయా? కొండమీద మంచు కురిపించి మరీ పోయాయి. గీత గీస్తున్నప్పుడే అతనికి ఆ అనుమానం వచ్చింది. మంచికబురు మీది ఆశకొద్దీ దాని నోరు నొక్కేశాడు. ఇప్పుడు సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది.

కిందినుంచి జడలబర్రెల మెడగంటలు వినబడ్డాయి. జనం నాగళ్ళతో వస్తున్నారు.

"గురువుగారూ, మీరు చెప్పండి. మళ్ళీ నా నోటితోనే అంటే..."

"గీత గీసింది నేనా?" అన్నాడు గురువు.

రిగ్జిన్ మెట్లు దిగి నోర్బుకు ఎదురెళ్ళాడు. "బాబాయ్, తప్పు చేశాను. నేను చూసింది కొత్తగా కురిసిన పైమంచు. దాని అడుగున మన మంచునది ఎంత మిగిలిందో నాకు తెలీదు. నా మాట నమ్మి బీడు దున్నకండి. గుంట గట్టే వేసుకుందాం."

నోర్బు ముఖం నల్లబడింది. "నిన్న నోట్లో బెల్లం పెట్టి ఇవాళ లాగేసుకుంటావా? ఎప్పుడూ చెడ్డకబురు మోసుకురావడమేనా నీ పని?"

రిగ్జిన్ మఠం గోడకు ఆనించి ఉన్న పార తీసి భుజాన వేసుకుని, తెగిన గట్టు వైపు ఒక్కడే నడిచాడు.

జనం గురువు వంక చూశారు. ఆయన అరుగు దిగి, తడిసిన అంగీ పిండుకున్నాడు.

"ఈసారి పార కూడా మోస్తున్నాడు కదయ్యా" అన్నాడు. "నాకూ ఒకటివ్వండి."