మంచిరోజు వాడిక

నూకరత్నం నూలు వడికి తెచ్చే గింజలన్నీ నెలనెలా కొలిచే వాడికలకే సరిపోయేవి. పాలమనిషి, చాకలి, మంగలి వరసగా గుమ్మమెక్కేవారు. ఇవి చాలనట్టు ఆస్థాన సిద్ధాంతి విరూపాక్షయ్య ఇంటింటికీ దినఫలం వాడిక అంటగట్టాడు. రోజు మంచిదో చెడ్డదో పొద్దున్నే చెప్పిపోతాడు. మొదటి నెల ఊరికే, ఆపైన నెలనెలా ముందుగా కుంచెడు బియ్యం.

"నాకొద్దు బాబూ, మానేస్తాను" అంది నూకరత్నం.

"మానడానికి మంచిరోజు రావద్దటే? చెడ్డరోజున మానితే రాజుగారికే అరిష్టం!"

అక్కణ్ణుంచి రోజూ ఒకటే పాట. "ఇవాళ చెడ్డది. ఏ పనీ తలపెట్టకు."

ఊరికే చెప్పే నెల అయిపోయింది. సిద్ధాంతి సంచితో దిగాడు. కుండలో ఉన్నది కుంచెడే. అది పోతే మంచంలో ఉన్న అత్తకి పాలు ఆగిపోతాయి. నూకరత్నం గడపమీద చతికిలబడింది.

"ఇవాళెలా ఉంది బాబూ?"

"చెడ్డదే" అన్నాడు అలవాటుగా.

"మరి చెడ్డరోజున బియ్యమెలా కొలవను? రాజుగారికి అరిష్టం కదూ!"

ఇరుగుపొరుగు గుమ్మాల్లోకొచ్చారు. సిద్ధాంతి గతుక్కుమని వేళ్లు లెక్కపెట్టాడు. "ఆగాగు, పొరపడ్డాను. ఏ పనికైనా దివ్యమైన రోజు!"

"అమ్మయ్య, వచ్చిందా! అయితే ఇప్పుడే మానేశాను."

"నేనూనూ!" అంది పక్కింటావిడ. వీధంతా అదే మాట.

మర్నాడు రోజెలాంటిదో చెప్పడానికెవరూ రాలేదు. నూకరత్నం ఆవులించి, లేచి, పొయ్యి ముట్టించింది. అది మామూలుగానే అంటుకుంది.